రంధ్రాన్వేషణం

పరుల లోపాలను వెదకడాన్ని లోకం ‘రంధ్రాన్వేషణం’ అంటుంది. అది దుర్గుణం. అయితే రంధ్రాన్వేషణాన్నే వ్రతంగా స్వీకరించి, ఒక పక్షిజాతిని వినాశం అంచు నుండి మళ్లించినవారు ఉన్నారు.

తెలుగువారి వడ్రంగి పిట్టను అమరకోశం ‘దార్వాఘాటం’ అన్నది. కొయ్యను కొట్టేది అని భావం. ఈ కుటుంబానికి చెందిన చిన్న పక్షి ‘రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్’ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పైన్ అడవులలో నివసిస్తుంది. తక్కిన వడ్రంగి పిట్టలు ఎక్కువగా ఎండిన మానులను తొలుస్తాయి. ఇది మాత్రం బ్రతికి ఉన్న ముదురు పైన్ వృక్షాన్నే ఎంచుకుంటుంది. ఒక్క తొర్ర పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. తొర్ర చుట్టూ గాట్లు పెట్టి జిగురు కార్చుతుంది. ఆ జిగట పాములను పైకి ఎక్కనీయదు. ముదురు చెట్లను నరికివేయడంతో ఈ పక్షికి నిలువ నీడ కరవైంది. 1970లో ప్రభుత్వం దీనిని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించింది.

పరిశోధకులు గడకు అమర్చిన చిన్న కెమెరాతో తొర్రలోకి తొంగిచూస్తారు. పిల్లలకు వారం, పది రోజుల ప్రాయం రాగానే నిచ్చెన వేసి, మృదువైన ఉచ్చుతో ఒక్కొక్కదానినే వెలికి తీస్తారు. మరీ లేతదైతే కడియం జారిపోతుంది. ఎదిగినదైతే బెదిరి గాయపడవచ్చు. అందుచేత అదను తప్పరాదు. సంఖ్య గల అల్యూమినియం కడియాన్ని, రంగురంగుల ప్లాస్టిక్ కడియాలను కాళ్లకు తొడిగి, పిల్లను మరల తొర్రలో ఉంచుతారు. రంగుల వరుసను బట్టి ఏ పక్షి ఏ గూటిదో దూరం నుండే తెలుస్తుంది.

ఈ కడియాలు ఒక వింతను వెల్లడించాయి. పిల్లలకు తల్లిదండ్రులే కాక మరికొన్ని పక్షులు కూడా మేత తెస్తున్నాయి. అవి చాలావరకు ముందటి ఏళ్లలో ఆ గూటనే పుట్టిన అన్నలు! అవి వేరు కాపురం పెట్టకపోవడానికి కారణమేమి? జెఫ్రీ వాల్టర్స్, ఆయన సహచరులు ఉత్తర కరోలినాలో 20 ఖాళీ స్థలాలలో తొర్రలు తొలిపించగా, 18 చోట్ల పక్షులు చేరాయి. తొలవని చోట్లకు ఒక్కటీ రాలేదు. 1992లో ప్రచురితమైన ఈ పరిశోధన, కొరత తొర్రలదేనని నిరూపించింది.

1989లో హ్యూగో తుపాను దక్షిణ కరోలినాలోని ఫ్రాన్సిస్ మేరియన్ అడవిలో తొర్రల చెట్లను అత్యధికంగా కూల్చివేసింది. అప్పుడు మిగిలిన చెట్లలో మనుషులు అమర్చిన గూళ్లే పక్షులకు ఆశ్రయమైనాయి. 2024లో ప్రభుత్వం ఈ జాతిని ‘అంతరించిపోతున్న’ స్థాయి నుండి ‘ముప్పు పొంచి ఉన్న’ స్థాయికి మార్చింది. ఆపద తగ్గిందే కాని తొలగలేదు. కొయ్య గూటిని మనిషి త్వరగా చేయగలడు. ముదురు చెట్టును మాత్రం కాలమే ఇవ్వాలి.

అర్థాలు: ప్రాయం = వయస్సు; అదను = తగిన సమయం; దారువు = కొయ్య

సంధులు: దారు + ఆఘాటం = దార్వాఘాటం (యణాదేశ సంధి); రంధ్ర + అన్వేషణం = రంధ్రాన్వేషణం (సవర్ణదీర్ఘ సంధి)

ప్రశ్నలు:
1. పక్షిపిల్లలకు కడియాలు తొడిగే విధానాన్ని వివరించండి.
2. అన్నపక్షులు వేరు కాపురం పెట్టకపోవడానికి కారణమేమి? దానిని ఎట్లా నిరూపించారు?