దుమ్ము దులిపే ముందు పరుపు చూడు



విశాఖలో అద్దెకు తీసుకున్న గదిలో నిద్ర లేవగానే తుమ్ములూ ముక్కు దిబ్బడా అని మీ అమ్మ చెప్పింది. బీరువా మీదా, ఫ్యాను రెక్కల మీదా రోజూ దులుపుతున్నావట. దులపడం మంచిదే. కానీ పొద్దున్నే పట్టుకునే తుమ్ములకు మూలం చాలా ఇళ్ళలో బీరువా మీద ఉండదు, దిండు కింద ఉంటుంది.

ఇంటి దుమ్ములో అసలు పడనిది ఏమిటో వైద్యులకూ చాలాకాలం తేలలేదు. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా, వాళ్ళ సహచరులు దుమ్ములో బతికే ఒక పురుగును దోషిగా పట్టుకున్నారు. ఎనిమిది కాళ్ళు, సాలీడుకు దూరపు చుట్టం, పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే దాని తిండి. కుట్టదు, కరవదు. దాని రెట్టలోని ప్రోటీన్లే ముక్కులో చేరి గొడవ చేస్తాయి. పురుగు చచ్చినా రెట్ట మిగిలే ఉంటుంది.

అది నీళ్ళు తాగదు. గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటుంది. తేమ 50 శాతానికి దిగువన కొన్నాళ్ళు ఉంటే ఎండి చస్తుంది. అనంతపురం మండువేసవిలో దానికి గడ్డుకాలమే గానీ, విశాఖ, కాకినాడ, బందరు సముద్రపు గాలిలో ఏడాదంతా పండగే. దానికితోడు తడిబట్టలు గదిలోనే ఆరేస్తే ఇక చెప్పేదేముంది!

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకాలి. గోరువెచ్చని నీళ్ళలో రెట్ట చాలావరకు కొట్టుకుపోతుంది గానీ పురుగు చావదు. దిండుకూ పరుపుకూ జిప్పున్న దట్టమైన నేత తొడుగులు వేయాలి. ఊళ్ళో బూరుగుదూది పరుపులు డాబా మీద ఎండలో పడేసి కర్రతో బాదేవాళ్ళు, మంచి అలవాటు. కాకపోతే లేచిన దుమ్మంతా బాదేవాళ్ళ ముక్కులోకే పోతుంది కనుక, ఆ పని తుమ్ములు లేనివాళ్ళకు అప్పగించాలి. ఉతకడానికి వీల్లేని బొచ్చుబొమ్మలుంటే కవరులో చుట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా పురుగులు చస్తాయి. తర్వాత బయట బాగా దులపాలి.

పొడి చీపురు నేలమీద ఉన్నదాన్ని గాల్లోకి లేపుతుంది. తడిగుడ్డ మేలు.

వేలు పోసి ఎయిర్ ప్యూరిఫయర్ కొనే ముందు ఒక్క సంగతి. ఈ రెట్ట రేణువులు బరువైనవి. లేచిన కాసేపటికే దిగి మళ్ళీ పరుపు మీదే కూర్చుంటాయి. గాల్లో లేనిదాన్ని మిషను ఎలా లాగుతుంది? పిల్లిని పెంచే ఇంట్లో అయితే కథ వేరు. పిల్లి వల్ల వచ్చే రేణువులు గంటల తరబడి తేలుతూనే ఉంటాయి.

వంటింటి బొద్దింకలనూ తక్కువగా చూడకూడదు. వాటి రెట్టా, ఎండిన పెంకులూ ఆస్తమా ఉన్నవాళ్ళను బాగా ఇబ్బంది పెడతాయి. స్ప్రే కొడితే ఆ ఘాటుకే ఊపిరి పట్టేస్తుంది. మూలల్లో జెల్ మందు పెట్టి, రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో ఉంచకపోతే చాలు.

ఇంత చేసినా రాత్రిళ్ళు ఊపిరిలో పిల్లికూతలు వినబడితే డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందే. చేతి మీద చుక్కలు వేసి సూదిమొనతో తాకించే పరీక్ష ఒకటుంది, ఏది పడదో పావుగంటలో తెలుస్తుంది. దానికి కొన్ని రోజుల ముందు తుమ్ముల మాత్రలు ఆపమంటారు. ఎప్పటినుంచి ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడుగు.

తాతయ్య