పేరు పట్టుకొని వెతికే గిరాకి



కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సరుకుకు ఆన్‌లైన్‌లో వచ్చే గిరాకి రెండు రకాలు. మొదటిది పేరు తెలిసి వెతుక్కుంటూ వచ్చేది. సంక్రాంతికి సకినాలు కావాలని దుబాయ్ నుంచి అడిగేవారు, గృహప్రవేశానికి నిర్మల్ బొమ్మ ఇద్దామనుకునేవారు, పెళ్లికి వెండి తీగపని పాన్‌దాన్ ఎక్కడ దొరుకుతుందని ఆరా తీసేవారు ఈ కోవలోకి వస్తారు. రెండోది సరుకు ఊసే తెలియని గిరాకి. ఫోన్ చూస్తూ చూస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగేది. మొదటిదాన్ని అందుకోవడానికి దాదాపు ఖర్చు లేదు, ఓపిక కావాలి. రెండోదానికి పైసలు కావాలి. కొత్తగా వ్యాపారం పెట్టినవారిలో చాలామంది రెండోదానితోనే మొదలుపెడతారు. దాంతో పేరు పట్టుకొని వెతికేవారికి దుకాణం దొరకదు, అక్కరలేనివారి ఫోన్‌లో మాత్రం ప్రకటన తిరుగుతూ ఉంటుంది.

ఈ ప్రాంతపు సరుకుకు పేరు తక్కువేమీ లేదు. ఫిలిగ్రీ అని పిలిచే కరీంనగర్ వెండి తీగపనికి 2007లో, ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొనికి కర్రతో చేసే నిర్మల్ బొమ్మలకూ ఆ గుర్తింపు ఉంది. ఈ గుర్తింపును గోడకు తగిలించే పటంగా చూస్తారు గానీ, ఆన్‌లైన్ అమ్మకంలో ఇది పనిముట్టు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ వస్తువును తయారుచేసేవారు అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేయించుకోవచ్చు. వేరేచోట చేసిన సరుకుకు ఆ పేరు తగిలించి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష రాసి ఉంది. నమోదు ఉన్నవారు ఆ సంగతిని ప్రతి ఫొటో కింద రాయాలి. యంత్రం మీద చేసిన చవక బొమ్మ పక్కన చేతిబొమ్మ ధర ఎందుకు ఎక్కువో అంతకంటే తక్కువ మాటల్లో చెప్పడం కష్టం.

దుకాణం దొరకాలంటే మొదట గూగుల్ మ్యాప్‌లో ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు రుసుము లేదు. దుకాణం నిజంగా ఉందో లేదో చూడటానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు: బయటి వీధి, బోర్డు, లోపలి పనిముట్లు ఒకే వరుసలో తీసి పంపాలి. బోర్డు మీద ఉన్న పేరే అక్కడా రాయాలి. పేరులోనే ‘బెస్ట్’, ‘నంబర్ వన్’, ఊరి పేరు, సరుకు పేరు అన్నీ కుక్కితే ప్రొఫైల్‌ను ఆపేసే ప్రమాదం ఉంది. వివరణ భాగంలో మాత్రం పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయడం మంచిది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక నిర్మల్, మంచిర్యాల, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి గానీ, ఇరవై ఏళ్ల కింద ఊరు విడిచినవారి నోట ఇంకా కరీంనగర్, ఆదిలాబాద్‌లే ఉన్నాయి. వాళ్లు అలాగే వెతుకుతారు. వేములవాడ, కొండగట్టు, బాసర లాంటి చోట్ల మ్యాప్ విలువ ఇంకా ఎక్కువ. అక్కడికి వచ్చే భక్తులు బస్సు దిగగానే గది, టిఫిన్ కోసం ఫోన్ తీస్తారు. పొద్దున ఐదింటికే తెరిచే హోటల్ ఆ వేళను ప్రొఫైల్‌లో పెట్టకపోతే, పక్కవాడు మూసి ఉన్నా గిరాకి అటే నడుస్తుంది.

మ్యాప్ కింద కనిపించే రివ్యూలను కొనకూడదు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధం. సరుకు చేతికందిన రెండు మూడు రోజులకు ఒక్క మాట అడిగితే చాలామంది రాస్తారు. చెడ్డ రివ్యూ వచ్చినప్పుడు కొట్లాటకు దిగకుండా ఏం జరిగిందో, ఏం సరిచేశారో రెండు వాక్యాల్లో జవాబివ్వాలి. ఆ జవాబు రివ్యూ రాసినవారి కోసం కాదు, తర్వాత చదివే వందమంది కోసం.

దొరికిన దుకాణం పలకాలి కూడా. అందుకు వాట్సాప్ బిజినెస్‌కు మించిన పనిముట్టు చిన్న వ్యాపారికి లేదు. 2018 జనవరిలో వచ్చిన ఈ యాప్‌కు మరుసటి ఏడాది కేటలాగ్ జతైంది. సరుకు ఫొటో, ధర, వివరం ఒకసారి పెడితే అడిగిన ప్రతివారికీ మళ్లీ మళ్లీ పంపే పని తప్పుతుంది. పదేపదే వచ్చే ప్రశ్నలకు సిద్ధంగా ఉంచుకునే జవాబులు, పైసలు వచ్చినవీ రానివీ వేరు చేసే లేబుళ్లు, దుకాణం మూసిన వేళ తనంతట తాను వెళ్లే సందేశం ఇందులో ఉన్నాయి. చివరిది ఈ ప్రాంతానికి మరీ అవసరం. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక, అమెరికా ప్రధాన భూభాగం తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటల దాకా వెనుక. అక్కడివాళ్లు తీరిక చూసుకొని అడిగేసరికి ఇక్కడ దుకాణం మూసి ఉంటుంది. ‘పొద్దున తొమ్మిదింటికి జవాబిస్తాం’ అన్న ఒక్క వాక్యం చాలు. మౌనం చూసినవాళ్లు ఇంకో దుకాణం వెతుక్కుంటారు.

ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టవచ్చు. అయితే దుకాణం నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి ప్రతి పొట్లంలో ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అన్న చీటీ పెట్టడం వల్ల ప్రకటన కంటే ఎక్కువ లాభం. అడగకుండా జనాన్ని గ్రూపుల్లో చేర్చడం మాత్రం పరాయి ఇంట్లోకి చెప్పకుండా వెళ్లడమే.

కేటలాగ్‌లో ధర దాచడం ఒక పిచ్చి అలవాటు. ‘ధరకు మెసేజ్ చేయండి’ అని రాసే వ్యాపారి గిరాకిని పెంచుకుంటున్నాననుకుంటాడు. చూసేవారికి మాత్రం మనిషిని బట్టి ధర చెబుతారేమోనన్న అనుమానం పుడుతుంది. వెండి తీగపనిలో ధర రోజూ మారుతుంది గనుక అక్కడ ఇబ్బంది నిజమే. దానికి పద్ధతి ఉంది. వస్తువు బరువు గ్రాముల్లో, చేతికూలి రూపాయల్లో విడివిడిగా రాసి, వెండి రేటు ఆర్డరిచ్చిన రోజుదని చెబితే తగువుండదు. ఫొటోలో వస్తువు పక్కన అరచేయి ఉండాలి. అత్తరుదాని పిడికిలంత ఉందో చెంబంత ఉందో ఉత్త ఫొటోలో తెలియదు. సగం వాపసులు అక్కడే పుడతాయి.

డోక్రా సంగతి ఇంకా వేరు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం ఉషేగావ్ లాంటి ఊళ్లలో ఓజులు అనే కళాకారులు మైనంతో బొమ్మ చేసి, మీద మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చును పగలగొట్టాల్సిందే. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. అందువల్ల కేటలాగ్‌లోని ఏనుగు, ఇంటికి చేరిన ఏనుగు అచ్చంగా ఒకటి కావు. ఈ మాట ముందే రాస్తే అది గొప్పతనం, సరుకు చేరాక చెబితే అది సాకు.

వీడియో విషయంలో ఈ నేల దగ్గర మంచి పాఠమే ఉంది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్న లంబాడిపల్లి నుంచి శ్రీరాం శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానెల్ మొదలుపెట్టారు. అందులో ఊరి మనిషిగా కనిపించిన గంగవ్వ 2020లో బిగ్ బాస్ ఇంటిదాకా వెళ్లింది. మొదలుపెట్టడానికీ అంత పేరుకూ మధ్య గడిచిన ఏళ్లను లెక్కపెట్టుకోవాలి. భాష మార్చలేదు, ఊరు మార్చలేదు. చిన్న వ్యాపారి వీడియోలో ఆ రెండే మొదట పోతుంటాయి. సకినాలమ్మే ఆడమనిషి టీవీ యాంకరులా మాట్లాడటానికి తంటాలు పడుతుంది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి బట్ట మీద చేతివేళ్లతో చుట్లు చుట్టడాన్ని అరనిమిషం తీస్తే చాలు, మాటలే అక్కర్లేదు. తీగను అల్లడం, బొమ్మకు రంగు వేయడం, మగ్గం మీద పోగు తెగితే అతకడం అన్నీ అలాంటివే. చేతిపనికి చేయే ప్రకటన.

పేరు ఒక్కసారిగా కూడా రావచ్చు. సిరిసిల్ల నేతకారుడు వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆ సంగతి చెప్పారు. అలాంటి రోజు ఎవరికి ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన రోజున పేరు కొట్టి వెతికినవారికి ఫోన్ నంబరూ కేటలాగూ దొరకాలి. పేపర్‌లో వచ్చాక ప్రొఫైల్ తెరవడం పెళ్లిభోజనాల వేళ పొయ్యి వెలిగించడం లాంటిది.

పండుగల లెక్క పొట్లాల లెక్క కూడా. బతుకమ్మ చీర బతుకమ్మ నాటికి అమెరికా చేరాలంటే నెల ముందే చూపించాలి. సకినాలు దారిలో ముక్కలవుతాయి. కవరులో కాకుండా గట్టి డబ్బాలో, ఖాళీ లేకుండా సర్దాలి. విరిగితే ఏం చేస్తారో కేటలాగ్‌లోనే రాయాలి. తినే వస్తువు ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ నమోదు తప్పదు, ఆ 14 అంకెల సంఖ్య పొట్లం మీద ఉండాలి. అమెరికా పార్శిళ్లలో మరో మార్పు వచ్చింది. 800 డాలర్ల లోపు సరుకుకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. ఆ సుంకం పంపేవారు కట్టాలా, తీసుకునేవారు కట్టాలా అన్నది ఆర్డరుకు ముందే తేలకపోతే పాత గిరాకి కూడా విరోధమవుతుంది.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి వేదికలు జనాన్ని తెస్తాయి, బదులుగా కమీషన్ తీసుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా కొన్నవారు వేదిక మనుషులవుతారే తప్ప దుకాణం మనుషులు కారు. వాళ్ల నంబరు చేతికి రాదు. పన్ను లెక్క కూడా చూసుకోవాలి. సరుకు అమ్మేవారికి చాలా రాష్ట్రాల్లో 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు గానీ, తెలంగాణలో ఆ గీత 20 లక్షలే. రాష్ట్రం దాటి అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు. చేతివృత్తుల వస్తువులకు మాత్రం షరతులతో సడలింపు ఉంది. వేదికల మీద రాష్ట్రం లోపలే అమ్ముకునే చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. ఏ సరుకు ఏ గీత కింద వస్తుందో ఆడిటర్‌ను ఒకసారి అడగడం నయం. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదుకు మాత్రం ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అయ్యే పనికి రుసుము అడిగే దొంగ సైట్లు ఉన్నాయి.

ఇవన్నీ కుదిరాకే ప్రకటన. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ‘బూస్ట్’ నొక్కడం తేలిక, లెక్క కట్టడమే కష్టం. మూడు వేల రూపాయల ప్రకటనకు అరవై మంది మెసేజ్ పెట్టి, ఆరుగురు కొన్నారనుకుంటే ఒక్కో ఆర్డరుకు ఐదు వందలు పడినట్టు. పదిహేను వందలు మిగిలే వెండి పళ్లానికి అది లాభం, కిలోకు నూటిరవై మిగిలే సకినాలకు నిలువు నష్టం. ఆ ఆరుగురిలో ఎందరు మళ్లీ కొంటారో తెలిస్తే లెక్క మారుతుంది. అందుకే ‘మా దుకాణం ఎట్లా తెలిసింది?’ అని ప్రతివారినీ అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మ్యాప్, చుట్టాల మాట, రీల్, ప్రకటన అని నాలుగు గళ్లు గీస్తే చాలు. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత సూటిగా చెప్పదు.

ఆర్డరు తెచ్చే దారిలోనే మోసమూ వస్తుంది. సైనికుడినని చెప్పి పెద్ద ఆర్డరిచ్చి, ముందుగా పైసలు వేస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపడం పాత ఎత్తే, ఇంకా పారుతోంది. పైసలు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పొరపాటున పోయినా గంటలోపే 1930కి ఫోన్ చేస్తే ఆ మొత్తాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయన్నది ఈ జిల్లాల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. దుకాణానికి మ్యాప్ ప్రొఫైల్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచేది సాధారణంగా ఇంట్లో చదువుకున్న కుర్రవాడు, అదీ తన నంబరుతో. ఏడాదికి వాడు గల్ఫ్ వెళతాడు, ఇక్కడి సిమ్ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ మార్చాలంటే ఓటీపీ ఆ ఆగిపోయిన నంబరుకే పోతుంది. ఖాతాలన్నీ దుకాణం పేర తీసిన ప్రత్యేక నంబరుతో, ప్రత్యేక ఈమెయిల్‌తో తెరవాలి. రెండంచెల భద్రత పెట్టుకోవాలి. ఆ సిమ్ యజమాని పేరు మీదే ఉండాలి, రీఛార్జి తేదీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసి ఉండాలి.