మొలకల నీళ్లు: లెక్క వేసి చూద్దాం

పెళ్లి ఇంట్లో పాలికలు పెడతారు. మట్టి మూకుళ్లలో నవధాన్యాలు పోసి నీళ్లు చల్లుతారు. నాలుగు రోజుల్లో మొలకలు తలెత్తుతాయి. సిరిసిల్ల దిక్కు లంబాడా తండాల్లో తీజ్ పండుగ వస్తే ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. తొమ్మిదో రోజు పాటలు పాడుతూ చెరువులో కలుపుతారు. మొలక మనకు కొత్త కాదు.

ఇప్పుడు ఆ మొలకలనే రుబ్బి, నీళ్లలో కలిపి పంటకు కొడుతున్నారు. దాన్ని సప్త ధాన్యాంకుర కషాయం అంటారు. పేరు పెద్దది. విడదీసి చదవండి. సప్త అంటే ఏడు. ధాన్యం అంటే గింజ. అంకురం అంటే మొలక. ఏడు రకాల గింజల మొలకల నీళ్లు, అంతే. పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయం గురించి ఊరూరా చెప్పిన సుభాష్ పాలేకర్ ఈ పద్ధతి నేర్పారు. ఆయనది మహారాష్ట్ర, అమరావతి జిల్లా. 2016లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మొలకలో ఏముంది? గింజ నెలల తరబడి గరిసెలో ఉన్నా కదలదు. నీళ్లు తగిలితే లోపల పని మొదలవుతుంది. గింజలోని పిండి తీపిగా మారుతుంది. మాంసకృత్తులు చిన్న ముక్కలవుతాయి. మొలక వాటిని తిని పెరుగుతుంది. రాగులు మొలకెత్తించి జావ కాస్తే తియ్యగా ఉండేది అందుకే.

ఇంకొకటి కూడా పుడుతుంది. అది మొక్కను పెరగమని చెప్పే పదార్థం. పేరు జిబ్బరెల్లిన్. దాని ఆచూకీ వరి మడిలోనే దొరికింది. జపాన్‌లో ఒక తెగులు వల్ల వరి నారు అతిగా పొడుగు సాగి పడిపోయేది. ఆ తెగులు బూజు నుంచి ఊరే పదార్థమే నారును సాగదీస్తోందని 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త చూపించాడు. అలాంటి పదార్థమే మొలకెత్తే గింజలోనూ కొద్దిగా ఉంటుంది.

ఇక తయారీ. ఎకరానికి నువ్వులు, పెసర్లు, మినుములు, బొబ్బర్లు, ఉలువలు, శనగలు, గోధుమలు ఒక్కొక్కటి 100 గ్రాములు కావాలి. గింజ గుండుగా ఉండాలి. పప్పు మొలవదు. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మే గింజలు మాత్రం తేవద్దు. ఆ రంగుతో పాటు మందు ఉంటుంది.

మొదటి రోజు నువ్వులు ఒక్కటే నానబెట్టాలి. మర్నాడు పొద్దున మిగతా ఆరు రకాలు కలిపి నానబెట్టాలి. ఆ తెల్లారి నీళ్లు వంచి, అన్నీ తడి బట్టలో మూట కట్టాలి. వంచిన నీళ్లు పారబోయకండి. వాటితో పని ఉంది. మూట ఎండకుండా నీళ్లు చల్లుతూ ఉండాలి. మొలక వేలిగోరు అంత పొడుగు రాగానే రోట్లోనో మిక్సీలోనో మెత్తగా రుబ్బాలి.

200 లీటర్ల నీళ్లలో 10 లీటర్ల ఆవు మూత్రం, దాచిన నీళ్లు, రుబ్బిన ముద్ద వేసి కట్టెతో కలపాలి. గోనెసంచి కప్పి రెండు గంటలు ఉంచాలి. బట్టతో రెండుసార్లు వడకట్టాలి. లేకపోతే పంపు మూతి మూసుకుపోయి సాయంత్రమంతా దాన్ని పొడుచుకుంటూ కూర్చోవాలి. రెండు రోజుల్లోపు కొట్టేయాలి. కుళ్లు వాసన వస్తే పంటకు వద్దు, పెంటకుప్ప మీద పోయండి.

ఎప్పుడు కొట్టాలి? వరి ఈనిన తర్వాత ఒక గింజ తెంపి గోరుతో నొక్కండి. తెల్లని పాలు వస్తే అదే అదను. పెసర, కంది అయితే కాయ లేతగా ఉన్నప్పుడు. వంకాయ, టమాట అయితే పిందె మీద. ఆకుకూరకు కొడితే అయిదు రోజులు ఆగి కోయాలి, బాగా కడిగి వండాలి.

మన దగ్గర భూమి గుంటల్లో ఉంటుంది. ఎకరానికి 40 గుంటలు. 200 లీటర్లను 40తో భాగించండి. గుంటకు 5 లీటర్లు. పది గుంటల చెల్కకు 50 లీటర్లు, రెండున్నర లీటర్ల ఆవు మూత్రం, ఒక్కో రకం 25 గ్రాములు. సిరిసిల్లలో మగ్గాల మధ్య ఇరుకు ఇంటి వెనక నాలుగు టమాట చెట్లు ఉంటే? రెండు లీటర్లు చాలు. ఒక్కో రకం ఒక గ్రాము, అంటే చిటికెడు. 100 మిల్లీలీటర్ల మూత్రం.

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న ఉంది. 2025 వానాకాలంలో తెలంగాణలో రైతులు యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డారు. అట్లాంటప్పుడు ఎవరైనా "ఈ నీళ్లు కొడితే యూరియా అక్కర లేదు" అంటే నమ్మబుద్ధి అవుతుంది. ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఇదే మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

"అత్తా, మొలకల నీళ్లు కొట్టి యూరియా బందు పెడదామా?"

"నువ్వు లెక్కలు నేర్చినవు గద బిడ్డా. లెక్క గట్టి చెప్పు."

కోడలు పలక తీసింది. 100 కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని ఉంటుంది. 45 కిలోల సంచిలో 20 కిలోల 700 గ్రాములు. మన గింజలు మొత్తం 700 గ్రాములు. వాటిలో నత్రజని ఇంచుమించు 25 గ్రాములు. 10 లీటర్ల ఆవు మూత్రంలో 100 గ్రాములు అనుకుందాం. కలిపితే 125 గ్రాములు.

"అత్తా, ఒక్క సంచికి సరిపోవాలంటే 166 సార్లు కొట్టాలె!"

"అయితే అది కూడు గాదు బిడ్డా. తాంబూలం."

అత్త సరిగ్గా చెప్పింది. ఎకరం వరికి 40 కిలోల పైనే నత్రజని సిఫారసు చేస్తారు. అది 125 గ్రాములతో తీరదు. ఆ మాట నమ్మి ఎరువు మానేస్తే పైరు పసుపు పచ్చగా మారుతుంది. కౌలు రైతుకు అప్పే మిగులుతుంది. యూరియా తగ్గించాలంటే ముందు మట్టికి తిండి పెట్టాలి. ఒక టన్ను మాగిన పశువుల పెంటలో సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది. అది మెల్లమెల్లగా పైరుకు అందుతుంది. జీలుగ, జనుము చల్లి పూతకు వచ్చినప్పుడు కలియ దున్నితే ఇంకా మేలు. నన్ను అడిగితే, గింజలు ఎక్కువ ఉంటే రుబ్బడం కన్నా చల్లి దున్నడమే మంచిది. మట్టికి తిండి ఉన్న చోట ఈ నీళ్లు గింజ ఊరే వేళ కాస్త ఊతం ఇవ్వవచ్చు.

కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు వేస్తారు. పసుపు కొమ్ము మట్టిలోనే ఊరుతుంది. అక్కడ పాలు పోసుకునే గింజ లేదు. కాబట్టి పసుపుకు పెంట మీదనే మనసు పెట్టండి.

పంపు సంగతి మరవవద్దు. గడ్డి మందు కొట్టిన పంపుతో ఈ నీళ్లు కొడితే కూరగాయలు మాడిపోతాయి. వేరే పంపు లేకపోతే ఆకుల కట్టతో చల్లండి. పురుగుమందు డబ్బాల్లో, అద్దకం రంగుల డ్రమ్ముల్లో కలపవద్దు. సాయంత్రం చల్లపూట కొట్టండి.

పని చేసిందా లేదా ఎట్లా తెలుస్తుంది? రెండు సమానమైన మడులు తీసుకోండి. ఒకదానికి కొట్టండి. రెండో దానికి ఉత్త నీళ్లు కొట్టండి. పెంట, నీళ్లు, నాటిన రోజు రెండింటికీ ఒకటే ఉండాలి. కోసిన తర్వాత వేరువేరుగా తూచి రాసుకోండి. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు అనే వరి రకం అక్కడిదే. మీరు రాసిన కాగితం పట్టుకుపోయి అక్కడి వాళ్లకు చూపించవచ్చు.

నోటు పుస్తకంలో రాయండి: మీ చెల్క ఎన్ని గుంటలు? దానికి మొలకల నీళ్లు ఎన్ని లీటర్లు కావాలి? 16 లీటర్ల పంపుతో ఎన్నిసార్లు నింపాలి? మీ ఊరి కిరాణంలో ఏడు రకాల గింజల ధర అడిగి పక్కన రాయండి.