ఛార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్ష – ఉత్తీర్ణతా శాతము

ఛార్టర్డ్ అకౌంటెన్సీ ఫలితాలు వెలువడినప్పుడెల్ల మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఉత్తీర్ణతా శాతాన్ని చూచి అధైర్యపడుచుందురు. 2023 నవంబరు తుది పరీక్షలో రెండు గ్రూపులూ కలిపి వ్రాసినవారిలో ఉత్తీర్ణులు 9.42 శాతమే, 2024 మే నెలలో 19.88 శాతము. ఆరు నెలలలో విద్యార్థుల మేధ రెట్టింపు కాలేదు గదా! ఆ మే నుండి నూతన పాఠ్యప్రణాళిక వచ్చి, పేపర్లు ఎనిమిది నుండి ఆరుకు తగ్గినవి.

కావున శాతముకన్న నియమములను గ్రహించుట మేలు. ప్రతి పేపరులోను 40 మార్కులు, గ్రూపు మొత్తముమీద నూటికి 50 రావలెను. మూడింటిలోను నలభై చొప్పున తెచ్చుకొన్నవాడు తప్పినట్లే. 62, 55, 38 తెచ్చుకొన్నవానికి మొత్తము 155 వచ్చినను, ఆ 38 మూలమున గ్రూపు పోవును. అయితే అతని శ్రమ పూర్తిగా వృథా కాదు; 60 గాని, అంతకు మించి గాని వచ్చిన పేపరుకు తరువాతి మూడు పరీక్షలవరకు మినహాయింపు లభించును. ఇష్టమైన సబ్జెక్టునే పదేపదే చదివి, కష్టమైనదానిని కడపటికి నెట్టువారు ఈ 38ని మరువరాదు.

మనకు మరొక చిక్కు భాష. జవాబులు ఇంగ్లీషులోగాని హిందీలోగాని వ్రాయవలె; తెలుగునకు, ఉర్దూకు అందు చోటు లేదు. లెక్క చక్కగా చేయగల ఉర్దూ మాధ్యమ విద్యార్థికి ఆడిటింగు పేపరులో వాక్యము నడువదు. ఇది తెలివితక్కువ కాదు, అలవాటులేమి. ఇన్‌స్టిట్యూటు ప్రచురించు పాత ప్రశ్నల సమాధానములను ఊరక చదివిన చాలదు. పుస్తకము మూసి, గడియారము ఎదుట పెట్టుకొని, దినమునకొక జవాబు వ్రాసి సరిచూచుకొనవలెను. ఆ పని ఆడిటింగుతోనే మొదలుపెట్టుడు.