స్పోర్ట్ బైక్ సీట్ ఎత్తు తగ్గించడం ఎలా? పొట్టివాళ్ల కోసం నా కొలతలు, నా తప్పులు

రోజూ ఫోన్ల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈసారి కాస్త బైక్ గురించి. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. నేను నడిపేది యమహా ఆర్15 వీ4. దాని సీట్ ఎత్తు 815 మి.మీ. స్పెక్ షీట్‌లో ఈ నంబర్ చూసినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ప్రాసెసర్, డిస్‌ప్లే చూసినంత శ్రద్ధగా సీట్ ఎత్తు ఎవరు చూస్తారు చెప్పండి?

కొన్న మూడో వారంలో ఉప్పల్ దగ్గర సిగ్నల్ పడింది. వెనక తమ్ముడు ఉన్నాడు. రోడ్డు అంచు ఎడమవైపు వాలుగా ఉంది. ఎడమ కాలు పెట్టబోతే, నేల అనుకున్న చోట నేల లేదు. 142 కిలోల బైక్, దానిపైన ఇద్దరం, అలాగే నెమ్మదిగా పక్కకి ఒరిగిపోయాం. వేగం సున్నా, అయినా తమ్ముడి మోచేయి చర్మం లేచిపోయింది. ఇంటికి వెళ్లాక నాన్న ఒక్కటే మాట అన్నారు: "నీకు కాళ్లు అందని బండి మీద వాణ్ణి ఎక్కించుకోకు. అందేలా చేస్కో, లేకపోతే అమ్మేయ్."

అమ్మడం ఇష్టం లేక మొదటి దారి పట్టాను. ఏం చేశానో, ఏది పనికొచ్చిందో, ఏది వెనక్కి తీసేశానో వరుసగా చెప్తాను.

ముందు కొలవండి, తర్వాతే కొనండి

గోడకి వీపు ఆనించి నిలబడి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి నొక్కి, దాని పై అంచు నుంచి నేల వరకు కొలవండి. అదే మీ ఇన్‌సీమ్. నాది 710 మి.మీ. మామూలు షూ మందం 10 కలిపితే 720.

ఇప్పుడు బైక్ వైపు. కూర్చోగానే సస్పెన్షన్ కొంత కిందికి దిగుతుంది. దాన్ని శాగ్ అంటారు. ఇది కొలవడానికి ఫోన్ చాలు. ఫోన్‌ని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, బైక్‌ని ఒకరు నిటారుగా పట్టుకోగా ఒక ఫొటో, నేను కూర్చున్నాక ఇంకో ఫొటో తీశాం. వెనక చక్రం పక్కన స్కేల్ నిలబెట్టాం. తేడా సుమారు 30 మి.మీ. వచ్చింది. అంటే నేను కూర్చున్నాక సీట్ ఎత్తు దాదాపు 785. నా కాలు 720. లోటు 65 మి.మీ.

ఇంకో విషయం. ఆ లోటు అంతా ఎత్తు వల్లే కాదు. సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కలకి విచ్చుకుంటాయి, ఆ మేరకు నేలకి దూరం పెరుగుతుంది. అందుకే ఒకే సీట్ ఎత్తున్న రెండు బైక్‌ల మీద ఒకదానికి కాళ్లు అంది, ఇంకోదానికి అందకపోవచ్చు.

మెట్టు 1: షూ, కూర్చునే పద్ధతి

మందమైన సోల్ ఉన్న రైడింగ్ బూట్లతో నాకు అదనంగా 20 మి.మీ. దొరికింది. బైక్‌లో ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు. కొన్న రోజు కాసేపు గేర్ లివర్ కింద బూటు ముందుభాగం సులువుగా దూరుతోందో లేదో చూసుకోండి.

పద్ధతి ఇంకా ముఖ్యం. రెండు కాళ్లూ పెట్టాలన్న ఆశ వదిలేయండి. ఆగే ముందు నడుముని కొంచెం ఎడమకి జరిపి, ఎడమ పాదం పూర్తిగా ఆనించండి. కుడి పాదం వెనక బ్రేక్ మీదే ఉండాలి. ఆగబోయే చోట రోడ్డు ఎటు వాలిందో ముందే చూసుకోవాలి. ఆ రోజు నేను చూడనిది అదే.

మెట్టు 2: సీటు

సీట్ కవర్లు కుట్టే షాపుకి వెళ్లి, ముందు సీటు ఫోమ్ 15 మి.మీ. తీయించాను. అంతకంటే ముఖ్యంగా ట్యాంక్ దగ్గర రెండు అంచులూ సన్నగా చెక్కించాను. కొలతలో తగ్గింది 15 మాత్రమే అయినా, తొడలు దగ్గరికి రావడంతో అంతకంటే ఎక్కువే తగ్గినట్టు అనిపించింది.

ఒక జాగ్రత్త. ఫోమ్ మరీ తీసేస్తే గంట ప్రయాణానికే కింద ప్లాస్టిక్ బేస్ గుచ్చుకుంటుంది. ఒకేసారి ఎక్కువ తీయించకండి. తీసింది తిరిగి అతికించడం కష్టం. వీలైతే ఇంకో సీటు కొని దాని మీదే ప్రయోగం చేయండి.

మెట్టు 3: లోయరింగ్ లింక్

యూట్యూబ్ చూసి అందరూ మొదట కొనేది ఇదే. ఆర్15 లాంటి బైక్‌లలో వెనక మోనోషాక్‌కీ స్వింగ్ఆర్మ్‌కీ మధ్య లింకేజ్ ఉంటుంది. అందులో ఎముక ఆకారంలో ఉండే పట్టీలకి బదులు వేరే పొడవున్నవి వేస్తే బైక్ వెనక భాగం కిందికి దిగుతుంది. కేటీఎం ఆర్‌సీ సిరీస్‌లో లింకేజ్ ఉండదు, షాక్ నేరుగా స్వింగ్ఆర్మ్‌కే బిగించి ఉంటుంది. కాబట్టి వాటికి ఈ పద్ధతి కుదరదు.

నేను వెనక 25 మి.మీ. దిగే లింక్ వేయించాను. సీటు కూడా 25 దిగుతుందనుకున్నా. దిగలేదు! ముందు చక్రం అక్కడే ఉండగా వెనక మాత్రమే దిగుతుంది కదా, సీటు రెంటి మధ్యలో ఉంటుంది. అందువల్ల సీటు దగ్గర తగ్గింది దాదాపు 18 మాత్రమే.

పైగా ఇంకో లెక్క ఉంది. వీల్‌బేస్ 1325 మి.మీ. వెనక 25 దిగితే బైక్ మొత్తం సుమారు 1 డిగ్రీ వెనక్కి వాలుతుంది. ముందు ఫోర్క్ కోణం అంత పెరుగుతుంది, ట్రెయిల్ కూడా పెరుగుతుంది. మలుపులో బైక్ బరువుగా, బద్ధకంగా తిరుగుతుంది. హెడ్‌లైట్ కూడా పైకి లేచి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. దీన్ని కొంత సరిచేయడానికి ఫోర్క్ గొట్టాలని క్లాంప్‌లలో 10 మి.మీ. పైకి జరిపించాం. రెండు వైపులా ఒకే కొలత ఉండాలి, వెర్నియర్‌తో చూడాల్సిందే. ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు టైర్ గానీ మడ్‌గార్డ్ గానీ దేనికీ తగలకూడదు.

ఈ పని ఇంట్లో చేయాలనుకునేవాళ్లకి: మామూలు ప్యాడాక్ స్టాండ్ పనికిరాదు. అది స్వింగ్ఆర్మ్‌నే ఎత్తి పట్టుకుంటుంది, కాబట్టి షాక్ మీద బరువు అలాగే ఉంటుంది. బైక్‌ని ఫ్రేమ్ దగ్గర పట్టి నిలపాలి. బోల్టులు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించాలి. నేనైతే మెకానిక్ చేత చేయించి పక్కన నిలబడి చూశాను.

అందరూ మర్చిపోయే సైడ్ స్టాండ్

బైక్ దిగింది కానీ సైడ్ స్టాండ్ పొడవు మారలేదు. అంటే బైక్ ఇంతకుముందు కంటే నిటారుగా నిలబడుతుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే, పాత వాలు 12 డిగ్రీలు, కొత్తది 8 నుంచి 9 మధ్య. ఎడమవైపు నుంచి గాలి కాదు, పక్క బండివాడి మోకాలు తగిలినా పడిపోయేలా ఉంది. లింక్ వేసిన రోజే స్టాండ్ సంగతి కూడా చూసుకోవాలి. కట్ చేసి వెల్డింగ్ చేయిస్తే మళ్లీ స్టాక్‌కి రాలేం, అందుకే విడిగా పొట్టి స్టాండ్ దొరికితే మంచిది. చెయిన్ శ్లాక్ కూడా మళ్లీ కొలవండి, వెనక ఎత్తు మారితే అదీ మారుతుంది.

ఎందుకు తీసేశాను?

ఒక్కదాన్నే ఉన్నప్పుడు బాగుంది. సిగ్నల్ దగ్గర పాదాల ముందు సగం హాయిగా ఆనుతోంది. తర్వాత తమ్ముణ్ణి ఎక్కించుకుని కాలనీలో స్పీడ్ బ్రేకర్ దాటాను. కింద గీసుకున్న చప్పుడు. రెండోసారి గుంతలో పడ్డప్పుడు వెనక టైర్ లోపలి మడ్‌గార్డ్‌కి రాసుకుంది. నేను మొత్తం మార్పు మొదలుపెట్టింది వాడి మోచేయి చూసి. వాడు ఎక్కితే టైర్ రాసుకునే బైక్ చేసి ఏం లాభం?

లింక్ తీసి పాతది వేయించాను, ఫోర్క్ పాత కొలతకి తెచ్చాం, హెడ్‌లైట్, చెయిన్ మళ్లీ సెట్ చేశాం. పాత పార్టులు దాచుకున్నందుకు అంతా ఒక పూటలో అయిపోయింది. ఇప్పుడు మిగిలింది సీటు 15, బూట్లు 20, మొత్తం 35 మి.మీ., దానికి తోడు సన్నబడిన సీటు అంచులు. ఒక పాదం పూర్తిగా, రెండోది మునివేళ్లతో. చాలు.

మరి మీరేం చేయాలి?

ఎప్పుడూ ఒంటరిగా నడిపేవాళ్లకి, రోడ్లు బాగున్న చోట, చిన్న మోతాదులో లింక్ పనికొస్తుంది. పిలియన్ ఎక్కించుకుంటారంటే సీటు, బూట్లు, పద్ధతితో ఆపేయండి. ఇంకా కొననివాళ్లయితే షోరూమ్‌లో మీరు రోజూ వేసుకునే షూతోనే కూర్చుని చూడండి. అదే కంపెనీ ఆర్3 సీటు 780 మి.మీ., అంటే పెద్ద ఇంజిన్ బైక్ సీటు ఎత్తుగానే ఉంటుందని లేదు.

చట్టం విషయం కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సస్పెన్షన్ ముట్టుకునే ముందు వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి సర్వీస్ సెంటర్‌నీ, పాలసీ ఇచ్చినవాళ్లనీ రాతపూర్వకంగా అడగండి.

మొన్న అదే సిగ్నల్ దగ్గర ఆగాను, వెనక తమ్ముడే. నడుము జరిపాను, ఎడమ పాదం పూర్తిగా ఆనింది. వాడు భుజం మీద తట్టి, "అక్కా, ఈసారి నేల ఉందా?" అన్నాడు. ఉందిరా, కొలిచి మరీ తెచ్చుకున్నా.