కత్తి బయటికి రాకముందే: నాటకం నేర్పే ఆరోగ్య పాఠం



జ్వరాలు, షుగరు, బీపీల గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. ఈసారి పాఠం కత్తిపోట్ల గురించి. క్రికెట్ పందెం దగ్గరో, తిరునాళ్లలోనో, టీ అంగడి ముందు ఎవరో ఒక మాట అన్నందుకో రెండు బ్యాచ్‌ల కుర్రాళ్లు కలబడతారు. ఒకరి చేతికి కత్తి వస్తుంది. మన చిల్లకూరు చుట్టుపక్కల కత్తికి కరువు లేదు. చేపలు కోసేదో, బొండాలు కొట్టేదో, నిమ్మకొమ్మలు నరికేదో ప్రతి ఇంట్లో ఉంటుంది. కాబట్టి కత్తులు దాచిపెట్టడంతో పని పూర్తి కాదు. పిల్లల మనసుతో మాట్లాడాలి.

హింస కూడా ఆరోగ్య సమస్యే

1996లో ప్రపంచ ఆరోగ్య మహాసభ హింసను ప్రజారోగ్య సమస్యగా ప్రకటించింది. ఇది అంటురోగంలా పాకుతుంది. ఒక పోటుకు పగ, ఆ పగకు మరో పోటు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం కత్తిపోట్లకు పేరుమోసింది. 2005లో అక్కడి పోలీసులు హింసను జబ్బులాగే చూసి, వైద్యులు, ఉపాధ్యాయులతో కలిసి పని మొదలుపెట్టారు. 2008 నుండి డాక్టర్లు బడులకు వెళ్లి, తాము చూసిన గాయాల గురించి పిల్లలకు చెప్పసాగారు. తర్వాతి సంవత్సరాలలో అక్కడ హత్యలు బాగా తగ్గాయి.

మన నెల్లూరు చూపిన దారి

కథకు, నాటకానికి ఉన్న బలం మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు, నాటికలు ప్రదర్శించాయి. రాత్రి బడులలో ఆడవారు ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివారు. అందులో తమ ఇంటి కష్టమే వారికి కనిపించింది. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు ఏకమై సారా అంగడిని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. తమ బాధను కథలో చూసినవారు, దాన్ని మార్చవచ్చునని కూడా తెలుసుకున్నారు.

నాటకాన్ని మధ్యలో ఆపడం

బ్రెజిల్ దేశపు నాటకకర్త అగస్టో బోల్ (1931–2009) ఒక పద్ధతి కనిపెట్టారు. నాటకం మధ్యలో ఆపి, చూసేవారిలో ఒకరిని వేదిక మీదికి పిలుస్తారు. ఆ పాత్రలో తానైతే ఏమి చేస్తాడో చేసి చూపించాలి. పశ్చిమ బెంగాల్‌లో 1985లో ఏర్పడిన ‘జన సంస్కృతి’ సంస్థ పల్లెలలో ఇలాంటి నాటకాలు వేస్తోంది.

మన సంఘాలలో క్రిస్మస్‌కు నాటిక వేయని యువకులు లేరు. వారితోనే ఇది చేయించవచ్చు. ఉదాహరణకు ఈ సన్నివేశం చూడండి:

మ్యాచ్ ఓడిన కుర్రాడిని అందరి ముందు ఎగతాళి చేశారు. వాడు ఇంటికి పోయి, చొక్కా కింద కత్తి పెట్టుకుని వస్తున్నాడు. దారిలో స్నేహితుడు ఎదురై, “పదరా, నేనున్నా” అన్నాడు.

అక్కడ ఆపండి. “ఆ స్నేహితుడు ఏమి చేస్తే కత్తి బయటికి రాదు?” అని అడగండి. ఒకరు లేచి, “తప్పురా” అని బుద్ధి చెబుతారు. కత్తి పట్టినవాడు, “అయితే నన్ను పిరికోడంటారు కదా” అంటాడు. బుద్ధిమాట పని చేయలేదు. ఇంకొకరు, “ముందు మా ఇంటికి రా, అమ్మ చేపల పులుసు చేసింది. తిని మాట్లాడుకుందాం” అంటారు. అప్పుడు వాడి అడుగు తడబడుతుంది.

అసలు పాఠం ఇక్కడే ఉంది. చాలామంది కుర్రాళ్లకు గాయం కన్నా పరువు పోతుందన్న భయం ఎక్కువ. పరువు పోకుండా వెనక్కి తగ్గే దారి స్నేహితుడు చూపించాలి. ఆ మాట కోపం మీదున్నప్పుడు తోచదు. ముందే నోటితో పలికి అలవాటు చేసుకోవాలి.

మూడు జాగ్రత్తలు: నిజమైన కత్తి వాడవద్దు. ఊరిలో జరిగిన గొడవను, కులాన్ని, మనుషులను వేలెత్తి చూపవద్దు. పొడిచినవాడిని హీరోని చేయవద్దు.

“తొడలో పొడిస్తే ఏమీ కాదు” అనే అపోహ

ఇది నాటకంలో తప్పక చెప్పాలి. తొడలో పెద్ద రక్తనాళం ఉంది. అది తెగితే నిమిషాలలో ప్రాణం పోవచ్చు. ఎవరైనా పోటు తింటే:

1. వెంటనే 108కి ఫోన్ చేయండి.
2. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. గుడ్డ తడిస్తే తీయకుండా దానిపైనే ఇంకొకటి పెట్టండి.
3. గుచ్చుకున్న కత్తిని లాగవద్దు. దాని చుట్టూ గుడ్డలు పెట్టి కదలకుండా చూడండి.
4. పేగులు బయటికి వస్తే లోపలికి నెట్టవద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పండి.
5. పసుపు, కాఫీపొడి వేయవద్దు. తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వవద్దు.

కుటుంబంగా ఆలోచించండి

గెత్సేమనే తోటలో పేతురు కోపంతో కత్తి దూసి ఒకని చెవి నరికాడు. ప్రభువు కత్తిని ఒరలో పెట్టమని చెప్పి, తనను పట్టుకోవడానికి వచ్చినవాని చెవినే ముట్టి బాగుచేశాడు. ఆపడం, బాగుచేయడం రెండూ అక్కడ ఉన్నాయి. మా ఆసుపత్రి రెండవ పని చేయగలదు. మొదటిది మీ ఇళ్లలో, మీ వీధులలో జరగాలి.

నాటకం ఒక్కటే చాలదని మాకు తెలుసు. తాగుడు, పనిలేకపోవడం, ఇంట్లో దెబ్బలు కూడా పిల్లలను ఇటు నెడతాయి. అయినా ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి: “నీ స్నేహితుడు కత్తి తెస్తే నువ్వేమంటావు నాయనా?” వాడు చెప్పేదాకా ఓపికగా వినండి. మీ నాటిక అక్కడే మొదలవుతుంది.

దేవుడు మన యవ్వనస్థులను కాపాడును గాక.