ఎండయు ప్లాస్టిక్కును

హైదరాబాదు నుండి ముంబయి పోవు మార్గమున పటాన్‌చెరువు దాటిన పిమ్మట, దారికి చేరువనే పాశమైలారము పారిశ్రామికవాడ కలదు. ఇట్టి వాడలలో రసాయన ద్రవములు నింపెడి నీలి ప్లాస్టిక్కు పీపాలు ఆరుబయట వరుసలు తీరియుండుట సామాన్య దృశ్యము. ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన పీపా నొకదానిని పరిశీలింపుడు. ఎండ తగిలిన ప్రక్క వెలవెలబోయి, తాకిన చేతికి సున్నము వంటి పొడి యంటును. నీడప్రక్క నునుపు చెడదు. పీపా ఒకటియే, ఈ భేద మేల కలిగెను?

1801లో రిట్టరు అను జర్మను శాస్త్రజ్ఞుడు పట్టకము గుండ సూర్యకాంతిని ప్రసరింపజేసి, ఊదారంగునకు ఆవల, కంటి కేమియు కనబడని చోట, వెండి లవణము మిక్కిలి త్వరగా నల్లబడుట గమనించెను. ఆ అదృశ్యకాంతియే అతినీలలోహిత కిరణము. వీనిలో మిక్కిలి తీక్ష్ణమైన వానిని ఓజోను పొర అడ్డగించును. తక్కినవి నేలకు దిగును. పాశమైలారమున మే 10 ప్రాంతమునను, ఆగస్టు ఆరంభమునను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అచటి వేసవిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

పీపాలు చేయు పాలిథీనులో కర్బన పరమాణువులు వేలకొలది ఒకదాని నొకటి పట్టుకొని గొలుసులుగా నుండును. శుద్ధమైన పాలిథీను ఈ కిరణములను అంతగా గ్రహింపదు. కాని దానిని కరగించి పోతపోయునపుడు ఆమ్లజని చేరిన లోపములు అచ్చటచ్చట మిగులును. కిరణములకు అవియే పట్టు. ఒక బంధము తెగగానే గాలిలోని ఆమ్లజని ఆ కొసను చేరి, ప్రక్క గొలుసును తెంపుటకు తోడ్పడును. ఒక పూరింటి నిప్పు మరియొక ఇంటికి ప్రాకినట్లే యిదియు ప్రాకును. గొలుసులు తునకలు కాగా సాగు గుణము నశించి, ప్లాస్టిక్కు పెళుసగును. అట్టి పీపా స్వల్పమైన దెబ్బకే చీలవచ్చును. అందున్నది మండు ద్రావకమైనచో పనివాని ప్రాణమునకే ముప్పు. రాలిన పొడి మాత్రము మాయము కాదు; కంటి కానని రేణువులై మట్టిలోను చెరువులోను చేరును.

నివారణము చౌకయైనదే. నూటికి రెండు మూడు పాళ్లు మెత్తని కర్బన మసి కలిపినచో, అది కిరణములను మ్రింగి వేడిగా మార్చివేయును. మేడలపై నీళ్లతొట్లు, పొలములలో బిందుసేద్యపు గొట్టములు పెక్కు నల్లగా నుండుటకు కారణ మిదియే. నలుపు కొందరికి నచ్చకపోవచ్చును గాని, ఎండ కింతకన్న మంచి గొడుగు అరుదు. నీలిరంగు కావలసిన పీపాలో మసి కలుపుట కుదరదు. తెగిన కొసలను పట్టి నిలుపు రసాయనములను కలుపుదురు. అవియు కాలక్రమమున ఖర్చగును. అందువలననే ప్రమాదకర ద్రవముల రవాణాకు ఐక్యరాజ్యసమితి రూపొందించిన నియమములు, ప్లాస్టిక్కు పీపాను సాధారణముగా తయారైన నాటి నుండి 5 ఏండ్లకు మించి వాడరాదని చెప్పుచున్నవి. ఆ నెలయు సంవత్సరమును పీపా మీదనే అచ్చువేసి యుండును.